కంచెకు రెండు పక్కల ఎండ

పోర్ట్ పిరీలో జనవరి పొద్దు
సీసం కొలిమి పొగగొట్టం మీదుగా ఎక్కొచ్చి
రెండిళ్ళ మీదా ఒకేలా కాస్తుంది.
మధ్యన రేకుల కంచె.
ఇటు బ్రైడీ, అటు కటాల్డో.

ఇక్కడ సెంటంటే నేల కొలత కాదు,
జేబురుమాలు వాసనా కాదు.
ఇంటికప్పు మీది పలకలు పట్టిన ఎండకి
కరెంటు కంపెనీ కట్టే వెల.
కటాల్డోకి యూనిట్‌కి నలభై నాలుగు.
బ్రైడీకి మూడు.

చెత్తడబ్బా మూత మీద
బిల్లులు రెండూ పక్కపక్కన పరిచి
ఎగిరిపోకుండా ఓ నిమ్మకాయ పెట్టింది బ్రైడీ.
స్కూలు బస్సు తోలే మనిషి,
చిల్లర కూడా రెండుసార్లు లెక్కపెట్టే చెయ్యి.
"మీ సూర్యుడు మావాడికంటే
పెద్ద చదువులేమన్నా చదివాడా?" అంది.

ముసలాయన నవ్వాడు.
"ముందు నిద్ర లేచాడు, అంతే.
మేం పెట్టించిన ఏడు
ఈ వీధిలో ఇంకెవరి కప్పు మీదా పలక లేదు.
వలలమ్మి అద్దాలు కొన్నాడని
రేవంతా నవ్వింది నన్ను చూసి."

ముందొచ్చిన చెవులకంటే
వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు.
బ్రైడీ పలకలు కొత్తవి, నల్లగా నిగనిగలాడతాయి,
ఆయనవాటికి రెట్టింపు పండిస్తాయి.
ఏం లాభం,
ఈ వీధిలో వెల చెవులకే.

మూడు రాత్రులు వంటింటి బల్ల దగ్గర
కంపెనీలన్నిటినీ కాగితమ్మీద నిలబెట్టింది.
ఒకడు ఎనిమిదిస్తానంటాడు,
రోజువారీ అద్దెలో పది లాక్కుంటాడు.
ఇంకొకడు పన్నెండు,
కానీ పొద్దున్నే మొదటి నాలుగు యూనిట్లకే,
ఆ తర్వాత కాసేదంతా దండగ ఎండ.
టామ్సిన్ హోంవర్కు ఆపి అడిగింది:
"మధ్యాహ్నం మనం మూడుకి అమ్మిందే
రాత్రి నలభై ఆరుకి కొంటున్నామా?"
పదకొండేళ్ళ పిల్లకి
జవాబు చెప్పలేక కెటిల్ పెట్టింది బ్రైడీ.

అప్పట్నుంచీ ఆ ఇల్లు పొద్దుతిరుగుడు పువ్వు.
బట్టలు ఉతికేది పన్నెండింటికి,
రాత్రి కూర ఒంటిగంటకే ఉడుకుతుంది,
అమ్మితే ఏమొస్తుంది,
వాడుకుంటేనే ఎండకి విలువ.

అవతలింట్లో అన్నీ తిరగబడి ఉంటాయి.
పగలు ఒక్క స్విచ్చీ వెయ్యడు కటాల్డో.
వాషింగ్ మెషీన్ అర్ధరాత్రి తిరుగుతుంది.
నలభై మూడు డిగ్రీల వేడిలో
తడితువ్వాలు మెడకి చుట్టుకుని,
తలుపులు మూసుకుని,
నెత్తిమీద పండుతున్న ఎండని
ఒక్క గింజ రాలకుండా అమ్ముకుంటూ
కూర్చుని ఉంటాడు.

నిమ్మకాయ పక్కకి జరిపితే
ఆయన బిల్లు మీద పేరు కనిపించింది:
ఫిలోమెనా స్పదవెక్కియా.
నాలుగేళ్ళైంది ఆమె పోయి.
బ్రైడీ చూసిందని ఆయన చూశాడు.
"ఒప్పందం తన పేరునుంది.
మారిస్తే పాత రేటు పోతుందేమోనని."
కాసేపాగి,
"రేటు కోసమే," అన్నాడు మళ్ళీ,
ఈసారి కొలిమి వైపు తిరిగి.

అడిగి ఉండొచ్చు ఆమె,
కంపెనీకి ఒక్క ఫోను చేస్తే తేలిపోయేదే.
అడగలేదు.
మూడు నెలలకోసారి
ఆ పేరుతో ఓ ఉత్తరం
ఆ గుమ్మంలో పడుతుంది, అంతే కదా.

ఒంటిగంటకి
కంచె మీంచి నారింజరంగు తీగొకటి దిగింది,
దాని చివర ఓ టేబుల్ ఫ్యాను.
"ఏంటిది?"
"నా మూడు సెంట్ల ఎండ.
ఎవడూ కొననిది.
నువ్వు వాడుకో, నీది అమ్ముకో."
మీసాల చాటున ఏదో గొణిగాడు
తన ఊరి భాషలో.
తిట్టో, దీవెనో.

ఫ్యాను తిరిగింది.
బల్ల మీది బిల్లు లేచి గోడకి కొట్టుకుంది.
ఆమె వదిలేసిన నిమ్మకాయే తెచ్చి
దాని మీద పెట్టాడు కటాల్డో,
పేరు కప్పడిపోకుండా
కొంచెం పక్కకి.