మూడో నంబరు రిజిస్టరు

బిషప్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.
మన్నేటికి అవతలి సంఘాలు ఒక డీనరీకి,
ఇవతలివి ఇంకో డీనరీకి.
"సంబంధిత రికార్డులను విడదీసి పంపగలరు."

మాకు గీతలు కొత్త కాదు.
నేను పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా.
బళ్లో వేసే ఏటికి ఒంగోలు జిల్లా.
పలక మారకముందే దాని పేరు ప్రకాశం.
టీచరుగా రిటైరయ్యాక మళ్లీ నెల్లూరన్నారు,
మళ్లీ అటే అన్నారు.
నా మంచం మాత్రం నేను జరపలేదు.

బీరువాలోంచి మూడో నంబరు రిజిస్టరు దించాను.
అట్ట ఊడితే మా నాయన
పొగాకు బేళ్ల గోనెపట్టాతో కుట్టాడు.
ఇప్పటికీ విప్పితే తుమ్మొస్తుంది.
ఆ ఘాటుకే పురుగు పట్టలేదేమో.

పాత పేరు, కొత్త పేరు, ఊరు, వృత్తి, సాక్షి.
పోలిగాడు, ఫిలిప్పు.
పెంచలి, ప్రిస్కిల్ల.
చినమాలకొండిగాడు, యోనా.
మొదటి గడిలో మగాళ్లందరికీ తోకలా ఒక 'గాడు'.
రెండో గడిలో ఒక్కడికీ లేదు.
రెంటి మధ్యా ఎర్రసిరాతో
ఎవరో స్కేలు పెట్టి కొట్టిన గీత.
నేనెరిగిన గీతల్లో
దాటినందుకు ఫలితం కనబడేది అదొక్కటే.

కరువేడు పేజీ:
ఒక్క ఆదివారం నలభై మూడు పేర్లు.
ఆ పూట గంజి పోశారంట.
కూటికి కలిశారు అంటారు ఇప్పటికీ,
ఆనాడు కూడు పెట్టనివాళ్ల మనవలు.

పక్క వాడలో బాప్టిస్టులు ఏట్లో ముంచేవాళ్లు,
మావాళ్లు నుదుట చల్లేవాళ్లు.
ఎంత తడిస్తే రక్షణ అని
మా నాయనమ్మకీ ఆమె చెల్లెలికీ
రెండేళ్లు మాటల్లేవు.

అధ్యక్ష మండలం ఎట్లా నిలబడుతుందో
కౌన్సిలు పుస్తకంలో బొమ్మ గీసి ఉంది.
పైన బిషప్, ఆయన కింద కౌన్సిలు,
దాని కింద డీనరీలు, పాస్టరేట్లు,
గురువుగారు, ఉపదేశి.
బొమ్మ అక్కడితో ఆగింది, కాగితం చాలక కాబోలు.
ఇంకొంచెం కిందికి గీస్తే
మా నాయనమ్మ పొయ్యి పక్కన
మూతి చిట్లిన సజ్జల కుండ వచ్చేది.
పూటపూటా ఎసట్లో పోసేముందు
ఒక పిడికెడు అందులో.
నెలాఖరుకి ఉపదేశి గోతంతో వచ్చేవాడు.
ఆ సజ్జలే ఆయన జీతం.
వరిగలు కలిపిన నెల
ప్రసంగం పొట్టిగా ఉండేదని నవ్వేది.

సరే, విడదీద్దామని కూర్చున్నాను.
అవతలి ఊళ్లు పచ్చసిరా, ఇవతలివి నీలం.
పదకొండో పేజీ దాకా బాగానే సాగింది.
పన్నెండులో ఒక పెళ్లి.
వరుడు యేసుపాదం, అవతలి గట్టు.
వధువు కరుణామణి, ఇవతలి గట్టు.
ఒకే వరస. ఎక్కడని కోయను?
ఆ యేడు మన్నేరు పొంగితే
పెళ్లికూతుర్ని పుచ్చకాయల బండి మీద దాటించారని
అంచున పెన్సిలుతో రాసి ఉంది, ఏ గడిలోనూ పట్టక.

రంగులు పక్కనబెట్టి
మొత్తం నకలు రాయడం మొదలుపెట్టాను.
పందొమ్మిది రాత్రులు.
కరెంటు పోతే సెల్‌ఫోను వెలుగులో.
'తండ్రి పేరు: తెలియదు' అని ఉన్నచోట
అట్లాగే రాశాను. తెలిసినా రాశాను.

పెంచలి దగ్గర చెయ్యి ఆగింది.
సంతకం గడిలో వేలిముద్ర.
మసి రాసిన బొటనవేలు,
నడిమధ్య చిన్న అడ్డగాటు,
కొడవలిదై ఉంటుంది.
ఆమె మా నాయనమ్మ.
అక్షరాన్ని అక్షరంతో దించొచ్చు,
దీన్ని దేనితో దించను?
నా వేలు ఒకసారి సిరాలో పెట్టి, తుడిచేసుకున్నాను.
అది దొంగసంతకం అవుతుంది గదా.

ఆఫీసువారికి జవాబు రాశాను:
అయ్యా, నకళ్లు రెండు పంపుతున్నాను,
గట్టుకొకటి.
నూట ఆరు చోట్ల గడి ఖాళీగా కనబడుతుంది.
అది నా పొరపాటు కాదు.
అసలు పుస్తకం వర్షాలు తగ్గాక
నేనే తీసుకొస్తాను, చూపించి తెచ్చుకుంటాను.
పోస్టు ఖర్చు నూట ఎనభై రూపాయలు
పాస్టరేటు ఖాతాలో రాయలేదు.
ముట్టినట్లు రసీదు పంపగలరు.