శుక్రవారం డేగిసా

హసావిలో మూడో అంతస్తు, రెండు గదుల ఫ్లాటు.
చప్పుడు బయటికి పోకుండా
కిటికీలకి దుప్పట్లు కట్టి మా ఆరాధన.
వారమంతా నీళ్ళ ట్యాంకరు తోలే దైవకృప గారు
ఆ పూట మాకు పాస్టరు గారు.
చొక్కా కాలరు దగ్గర ఇంకా డీజిల్ వాసన.

"దాసుని మనసు కలిగి బతకండి" అన్నారాయన.
నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను.
అయ్యగారూ, దానికి నాకు అగ్రిమెంటే ఉంది,
రెండేళ్ళకి, నెలకి నూట ఇరవై దినార్లకి.
వీసా కాగితం మీద నా ఫొటో కింద
ఆ మాటే అరబ్బీలో ఉందని
డ్రైవరు చదివి చెప్పాడు.

మిష్రిఫ్‌లో మా మామా మంచం పక్కన బెల్లు.
ఒకసారి మోగితే మంచినీళ్ళు.
రెండుసార్లు మోగితే కాళ్ళు.
ఆ కాళ్ళు నాకు నా కాళ్ళకంటే బాగా తెలుసు:
ఎడమ మడమ పగులు,
షుగరుకి నల్లబడిన చిటికెన వేలు,
గోరువెచ్చని నీళ్ళు తగలగానే ఆ ముసలామె వదిలే నిట్టూర్పు.
తువాలు నడుముకి చుట్టుకుని ఆయన వంగిన రాత్రి గురించి
పాస్టరు గారు చెబుతుంటే అందరూ కళ్ళు తుడుచుకుంటారు.
నేను మాత్రం
ఆ నీళ్ళు ఎవరు కాచి పెట్టారా అనుకుంటాను,
తర్వాత ఆ పళ్ళెం ఎవరు బోర్లించారా అని.

అసలు సంగతి చెప్పాలి.
మేం నలభై మందిమి, అందులో ముప్పై మంది కద్దామాలమే.
ఆమెన్ అయ్యాక బిర్యానీ.
బిర్యానీ అయ్యాక డేగిసా.
ఆ డేగిసా దగ్గర మా భక్తి ఆగిపోతుంది.
ఆరు రోజులు కడిగిన చేతులు
ఏడో రోజు చీరకొంగులో దాక్కుంటాయి.
ఉన్నట్టుండి అందరికీ ఇంటి దగ్గర్నుంచి ఫోన్లొస్తాయి.
నాకూ వస్తుంది.
పైగా నేను స్త్రీల సమాజం లీడర్ని.
ముందు వరస కుర్చీ నాది, మైకు నాది.
కొత్తగా వచ్చిన సలోమి నాకంటే ముందు పాట ఎత్తుకుందని
మూడు వారాలు దాని మొహం చూడలేదు.
అరబ్బు ఇంట్లో వంగే నడుమే
ఇక్కడ మెట్లెక్కగానే గడకర్ర.

మరి ప్రతివారం డేగిసా కడుగుతున్నదెవరు?
అడగలేదు.
బిల్డింగు హారిసుకి ఏదో ఇస్తారేమో అనుకున్నాను.

నిన్న గొడుగు మర్చిపోయి వెనక్కొస్తే
వంటింట్లో ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి
డేగిసాలో సగం మనిషి దూరి ఉన్నాడు
ఆరోను బాబు.
అహ్మదీలో క్రేను నడుపుతాడు, నాలుగొందల దినార్లు.
నా చేతిలో మైకు ఆయన కొనిచ్చిందే.
నన్ను చూసి దొంగలా ఉలిక్కిపడ్డాడు.
"ఎవరితో అనకక్కా" అన్నాడు.
కాసేపాగి, గిన్నెలోకే చెబుతున్నట్టు,
"మా అమ్మ బహ్రెయిన్‌లో పన్నెండేళ్ళు ఈ పనే చేసింది.
ఆవిడకి శుక్రవారాల్లేవు."

నేనేం అనలేదు. కొంగు దోపాను.
పరలోకం ఏమీ తెరుచుకోలేదు.
నిజానికి కోపమే వచ్చింది, ముందు ఆయన మీద,
నడుం లాగింది,
ఆరున్నర బస్సు పోతుందేమోనని గుబులు.
పీచు అదే. సబ్బు అదే. ఈ చెయ్యీ అదే.
మూడో చెంబు నీళ్ళు కుమ్మరిస్తుంటే తోచింది,
ఏ బెల్లూ మోగలేదని.

రాత్రి మామా రెండుసార్లు కొట్టింది.
నీళ్ళు పెట్టాను. చిటికెన వేలు తుడుస్తూ
"నొప్పా?" అన్నాను, వచ్చీరాని అరబ్బీలో.
ఈ రెండేళ్ళలో అడగడం ఇదే మొదలు.
ఆమె చాలాసేపు ఏదో చెప్పింది.
సగమే అర్థమైంది. నీళ్ళు చల్లారేదాకా విన్నాను.

డేగిసా అడుగున మాడు ఇంకా పోలేదు.
వచ్చే శుక్రవారం సున్నపురాయి పొడి తీసుకెళ్ళాలి.
సలోమిని కూడా పిలవాలి,
నోరు పెగిలితే.