ప్రేమాభిమానములతో

ఆ మాట రాసింది నేనేనయ్యా.
మహారాణిపేట రిజిస్ట్రారాఫీసు ఎదర
రేకు కింద, కాలు ఊగే బల్ల మీద.
"ప్రేమాభిమానములతో నా బావమరిదికి..."
ముప్పై ఏళ్లుగా చేతికి అలవాటైన మాట,
చెయ్యే రాసేస్తుంది.

ఐసు ఫ్యాక్టరీ సూరప్పడు
బావమరిది మొహం చూసి అప్పటికి ఆరేళ్లు.
మంగళవారం ఇల్లు రాసిచ్చాడు,
శుక్రవారం చీటీలు ఎత్తేశాడు.
ఇచ్చేసిన ఇంట్లోనే ఇంకా
అదే ఉయ్యాల బల్ల,
అదే పేరున కరెంటు బిల్లు.

హార్బరు నుంచి తెడ్డు పోలమ్మ వచ్చింది,
ఎండుచేపల గంప కోర్టు గుమ్మంలో దించి.
"ఆడి పేరునుంటే ఏటి, ఈడి పేరునుంటే ఏటి?
వల చేతులు మారితే
చేప నాది కాకుండా పోద్దా?"

లాయరు యాభై మూడో సెక్షను చదివాడు:
అప్పు ఎగ్గొట్టను రాసిన కాగితం
అప్పిచ్చినవాళ్లు కాదంటే కాదట.

"అభిమానం ఉందని నీకెలా తెలుసు?"
తెలీదయ్యా.
నాకు పేజీకింతని ఇస్తారు, మాటకి కాదు.

వాయిదా పడింది.
మెట్ల మీద పోలమ్మ ఆపింది.
"బాబూ, నాకూ ఓ కాయితం రాత్తావా?
నా లచ్చా ఎనబై ఆడిచ్చేత్తన్నట్టు.
పేమ లేకపోయినా పరవానేదు."