నాలుగో మనిషి

జిమ్ముకు ఏడాది పైసలు ఒక్కసారే కట్టిన.
తొమ్మిది రోజులు పోయిన.
పదో రోజు వాన పడ్తుందని ఇంట్ల చెప్పిన.
పడలే.

సైకిల్ కొన్న, దాని మీద దుప్పట్లు ఆరుతున్నయి.
యోగా చాపను పిల్లి తనదనుకున్నది,
నేను కొట్లాడలే.
నలభై ఆరేండ్లకు నా బొజ్జ
నాకంటే ముందు ఆఫీసుకు చేరుతుండె.

డాక్టరమ్మ చీటీ మీద ‘నడక’ అని రాసి
కింద రెండు గీతలు కొట్టింది.
ఎండకాలమంతా
ఆ రెండు గీతలనే చూసుకుంట కూసున్న.

ఇగ ఆ పొద్దు సంగతి.
మృగశిర పోయింది గాని ఉక్క పోలే.
లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఎనుక నుంచి వస్తున్న,
సంచిల రెండు పాల ప్యాకెట్లు.
వేపచెట్టుకూ కరెంటు స్తంభానికీ నడుమ
పాత వాయిలు చీర ముడేసి కట్టిన్రు, అది నెట్టు.
ముగ్గురు నిలబడ్డరు.
"సార్, మనిషి తక్కువైండు. ఒక్కటే గేమ్"
అన్నది కిష్టవేణమ్మ, ఆర్టీసీ కండక్టరు,
ఫుట్‌బోర్డు మీదోన్ని లోపలికి జరిపే గొంతుతోని.
ఆ గొంతుకు ఎదురు చెప్పినోడు
ఇంకా పుట్టలే.

సంచిని స్తంభం మేకుకు తగిలించిన.
బ్యాటు పట్టిన. కొట్టిన, గాలిని.
మళ్ల కొట్టిన, మళ్ల గాలినే.
"మియా, గాలి నీకేం పాపం చేసింది?"
అని నవ్విండు టైర్ల దుకాణం ఇల్తిఫాత్ భాయ్.
లారెన్స్ సార్, గూడ్సు బండి గార్డు చేసి రిటైరైనాయన,
మోకాలుకు పట్టీ వేసుకొని
తాను ఒక్క అడుగు కదలకుంట
నన్ను అటు, ఇటు, ముందుకు, ఎనుకకు
గంటసేపు షంటింగ్ చేసిండు.

ఇంటికి పోయి కాగబెడ్తే పాలు విరిగినయి.
మా ఆవిడ గిన్నెను చూసింది, చెమటను చూసింది.
"ఏడికి పోయినవ్?"
"ఆడుకొనొచ్చిన."
ఆ మాట నా నోట్లకెళ్లి వచ్చి
ముప్పై ఏండ్లైంది.
ఇద్దరం కొంచెంసేపు ఏం మాట్లాడలే.

తెల్లారి మళ్ల పోయిన.
ఎందుకంటే నేను పోకుంటే
అక్కడ ముగ్గురు నిలబడుంటరు.
గింతే.
నా ఒక్కని ఆరోగ్యం కోసమైతే
నేను ఎన్నడో ముసుగు తన్ని పండుకుందును.
పదో రోజు ఎప్పుడొచ్చి పోయిందో
లెక్కవెట్టలే.

కార్తీకంల విషజ్వరం. ఇరవై రోజులు మంచం.
నా సంగతి నాకెరుక:
ఒక్కసారి తెగిందంటే ముడి వెయ్యరాదు నాకు,
గడపల సిగ్గు అడ్డం నిలబడ్తది.
అయినా ఒక పొద్దు, కాళ్లు వణుకుతుంటే,
ఊకె చూసొద్దామని పోయిన.
ఎవ్వరు ఏం అడగలే.
లారెన్స్ సార్ షటిల్‌ను నా దిక్కు విసిరి
"సర్వీసు నీదే, పాల సాబ్" అన్నడు,
నేను నీళ్లు తాగొచ్చిన్నన్నట్టు.

షుగర్ తగ్గిందా? కొంత.
బొజ్జ ఉన్నది, గాని ఇప్పుడు
జర నా ఎనుక ఎనుక నడుస్తున్నది.
వాన పడ్డ పొద్దు ఆట లేదు,
నలుగురం రేకుల కింద కూసొని
చాయ్‌ల ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంట మొగులును తిడ్తం.
ఒకప్పుడు పడని వానను పడ్తుందన్నోన్ని,
ఇప్పుడు పడే వానను
ఆగిందని చెప్పి ఇంట్లకెళ్లి బయటపడ్తున్న.

పాలు ఇప్పుడు ఇంటికే వస్తున్నయి, ఫోన్ల నొక్కితే.
అయినా ఆరు కాంగనే సంచి చేతికొస్తది.
మా ఆవిడ చూసీ చూడనట్టు ఊకుంటది.
ఏం చెయ్యాలె,
ఆ ఖాళీ సంచి మేకుకు ఊగుతుంటే తప్ప
నాకు ఒక్క షాటు పడది.