సగం గోడ

గుణుపురంలో మా ఇంటి నడిమి గోడ నల్లన.
బొగ్గుపొడీ సొరాకు పసరూ కలిపి
ఏడాదికోమారు, ఈస్టరు ముందు శనివారం,
బర్నబాసూ నేనూ చెరో మూలనుంచి పూసుకుంటూ వచ్చి
మధ్యలో కలుస్తాం.
పెళ్లయిన ఈ పద్దెనిమిదేళ్లలో
మేమిద్దరం నిమ్మళంగా చేసే పని అదొక్కటే.

ఏడుగురు పిల్లలు.
"ఏడుగురే!" అని రైల్లో ఎవరో ఒకరు అంటారు
పర్లాకిమిడి దాటేలోపు.
అవుననే ముందు ఓసారి లెక్కపెట్టుకుంటాను,
ఎవరైనా తలుపు దగ్గరికి పోయారేమోనని.

బడి ఇంట్లోనే.
యెమీమా చిన్నదానికి గుణింతం దిద్దిస్తుంటే
చిన్నది యెమీమా జడమీద సుద్దతో దిద్దుతుంది.
చోడి అంబలి చల్లారేలోపు ఎక్కాలు.
పదమూడో ఎక్కం దగ్గర లెమూయేలుకి ఎప్పుడూ దాహం.
వాక్యం వంతులవారీగా చదవాలి.
వంశావళి పేర్లొచ్చినప్పుడు
నత్తి ఉన్న కెజీయాని ఎవరూ తొందరపెట్టకూడదు.
మా బడికి మొదటి నియమం అది.
అసలు బడి మొదలైందే దానికోసం.

ఊళ్లో బడి ఒడియా. నేను పాలకొండ పిల్లని.
చేరిన రెండో వారం దాన్ని బల్లమీద నిలబెట్టి
ఒకే మాట పన్నెండుసార్లు చెప్పించారు.
ఆ సాయంత్రం పలక గూట్లో పెట్టేసి
ఇక పంపను, అన్నాను.
బర్నబాసు చింతపండు జిగురు చేతులు కడుక్కుంటూ
సరే, అన్నాడు.
ఆ సరే లోపల ఏముందో నేనడగలేదు.

మొన్న బుధవారం రిజిస్టరు పట్టుకుని ఒకాయన వచ్చాడు.
ఏవో అడిగి, ఏవో నింపి, కాగితం నా ముందు పెట్టాడు.
ప్రతి అక్షరం నెత్తినా ఒక గొడుగు.
ఆ గొడుగుల కింద ఎవరున్నారో నాకు కనబడదు.
సంతకం పెట్టబోతుంటే
తొమ్మిదేళ్ల ఓబేదు నా మోచేతి కిందనుంచి తల దూర్చి
గడగడా చదివేశాడు.
"తల్లి చదువు: లేదు, అని రాసినారమ్మా."

ఇంతమందికి అక్షరాలు దిద్దించిన చెయ్యి
కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఎవరు నేర్పారురా?
వాడు గుమ్మంలో తండ్రి చెప్పుల వైపు చూశాడు.
రెండేళ్లట. గోడౌనుకి కూడు పట్టుకెళ్లినప్పుడల్లా
బస్తాల మీది రాత, వేలు పెట్టి.

పెళ్లినాడు అయ్యగారు చెప్పారు,
పొద్దు గుంకేలోపు కోపం దించుకోండని.
ఆయనకి పిల్లలు ఇద్దరే.
మాకు పొద్దు గుంకాకే పోట్లాటకి తీరిక.
కంచాలు కడిగి, దుప్పట్లు కప్పి,
ఏడు ప్రార్థనలూ ఆమెన్ దాకా విని
అప్పుడు పెరట్లో, గుసగుసగా.

"రెండేళ్లు దాచావు."
"నువ్వు వద్దన్నావు గదా."
"బడి వద్దన్నాను. అక్షరం వద్దన్నానా?"
చాలాసేపు మాట్లాడలేదు.
వంశధార మీదుగా గాలి, తడిసిన ఇసుక వాసన.
"కెజీయా కూడా వస్తాది," అన్నాడు చివరికి.
"బస్తాలకి చదివి వినిపిస్తాది.
బస్తాలు నవ్వవు గదా.
నత్తి రాదు."

ఏడ్చాను. ఎందుకేడ్చానో
ఇప్పటికీ తేల్చుకోలేదు.
కలిమిలోనూ లేమిలోనూ అని ప్రమాణం చేశాం గానీ
నాకు తెలీకుండా నా బిడ్డ బాగుపడితే ఏం చెయ్యాలో
అందులో లేదు.
క్షమించానని నేననలేదు. అతనూ అడగలేదు.
దుప్పటి ఒకటే కాబట్టి
ఇద్దరం ఒకే పక్కకి తిరిగి పడుకున్నాం.

తెల్లారి తడిగుడ్డ పెట్టి
గోడ సగం తుడిచాను.
ఈ సగం మీది, అన్నాను. సగమే.
కెజీయా సుద్దముక్క తీసుకుని
ఒక గొడుగు గీసింది, దాని కింద ఇంకేదో.
"ఇ... ఇ... ఇదేటో చెప్పమ్మా."

చిన్నదాని పక్కన చాప మీద కూచున్నాను.
గోడకేసి చూస్తూ కూచున్నాను.
ఎవరూ తొందరపెట్టలేదు.