మినిట్స్

పెన్నైన్ కొండల కింద మా ఊరు స్కార్‌బెక్.
నూలుమిల్లులు పోయాక మిగిలింది వాన,
ఈ టౌన్ హాలు, నడవని దాని గడియారం.
నా పేరు హిల్డా క్రాషా.
పదహారేళ్లుగా కౌన్సిల్ మాట్లాడుతుంది, నేను రాస్తాను.
మాట్లాడిందంతా కాదు,
తేల్చింది మాత్రమే.

ఆ గురువారం ఏడో అంశం
లండన్‌లో చేసిన చట్టం.
కౌన్సిల్ ఇంట్లో ఒక గది ఎక్కువుంటే
అద్దె సాయంలో వారానికి పద్నాలుగు పౌండ్ల కోత.
ఎక్కువ అంటే ఎంతో లెక్క వాళ్లది,
గది మా ఊరివాళ్లది.

ఎనిడ్ థ్రెల్‌ఫాల్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి లేచింది.
"మా వార్డులో ఒకావిడ చిన్నగదిలో డయాలసిస్ యంత్రం ఉంది.
వారానికి నాలుగు రాత్రులు దాని పక్కనే బతుకుతుంది.
చట్టం ఆ గదిని ఖాళీ అంటోంది,
చిన్న ఇంటికి మారమంటోంది.
ఒంటిగది ఇళ్లు ఎన్నున్నాయని హౌసింగ్ ఆఫీసును అడిగాను.
మూడు.
కోత పడే ఇళ్లు ఆరువందల పన్నెండు."

క్లైవ్ ఒగ్డెన్ బల్ల మీద పెన్ను దొర్లిస్తూ అన్నాడు:
"ఖజానా కూడా ఇల్లే, చూరు కారే ఇల్లు.
ముగ్గురు పిల్లలతో ఒక్క గదిలో ముడుచుకున్నవాళ్లు
నా గుమ్మం కూడా తొక్కుతారు. వాళ్లకేం చెప్పను?"
అదీ అబద్ధం కాదు.
అబద్ధం కాని రెండు మాటలు ఎదురెదురుగా కూర్చుంటే
రాసేవాళ్ల చెయ్యి నొప్పెడుతుంది.

తాహిరా మహ్మూద్ కొత్త సభ్యురాలు, బస్సు డిపో యూనిఫాంలోనే వచ్చింది.
"చట్టం మనం మార్చలేం. సరే.
కోత నోటీసు మీద ముద్ర మాత్రం మనదేగా?"
ఎవరూ పలకలేదు.
అడకత్తెరలో పోకచెక్కకి ఓటు హక్కు ఇస్తే
మా కౌన్సిల్ అవుతుంది.

ఆ తర్వాత నలభై నిమిషాలు
మంత్రికి రాసే ఉత్తరంలో ఒక్క క్రియ దగ్గర ఆగిపోయాం.
'ఖండిస్తోంది' అనాలా, 'ఆందోళన చెందుతోంది' అనాలా.
సవరణ. సవరణకి సవరణ.
'తీవ్రంగా' ఉండాలా, పోవాలా.
టీ మీద మీగడ కట్టింది.

పైన గ్యాలరీలో ఒక్కడే మనిషి.
తడిసిన కోటు, ఒళ్లో ప్లాస్టిక్ సంచి,
సంచిలో కవరు, కవరు మీద మా ముద్ర.
వాల్టర్ హెబుల్‌త్వైట్, మూడు నిమిషాలకి ముందే పేరిచ్చాడు.
ఓటు అయ్యాకే జనం వంతు, అన్నాడు మేయర్.
అతని పెదాలు కదులుతూనే ఉన్నాయి,
పరీక్ష గది బయట పిల్లాడిలా.

ఆఖరి బస్సు తొమ్మిదీ పదికి.
తొమ్మిదింటికి లేచాడు,
మడత కుర్చీ చప్పుడు కాకుండా మూసి
మెట్లు దిగిపోయాడు.

తొమ్మిదీ ఇరవైకి ఓటు.
పంతొమ్మిది, పద్నాలుగు.
'ఆందోళన చెందుతోంది' నెగ్గింది.
వాల్టర్ పేరు పిలిచారు.
మళ్లీ పిలిచారు.

సభ్యులెవరైనా మధ్యలో లేచి వెళ్తే
టైముతో సహా రాయాలని నియమం.
ఊరివాడు వెళ్తే రాయడానికి గడి లేదు.
అయినా రాశాను:
'తొమ్మిది గంటలకు శ్రీ హెబుల్‌త్వైట్
మాట్లాడకుండానే, బస్సు కోసం, వెళ్లారు.'

మరుసటి నెల మినిట్స్ ఆమోదం.
ఆ వాక్యం పద్ధతి కాదన్నాడు క్లైవ్, తీసేద్దామన్నాడు.
ఎనిడ్ నా వైపు చూడకుండా బలపరిచింది.
తాహిరా రాలేదు, డిపోలో రాత్రి డ్యూటీ.
ఏకగ్రీవం.
ఆ ఏడాది మొత్తానికి అదొక్కటే.

స్కేలు పెట్టి ఒక్క గీత గీశాను.
ఒక్కటే గీయాలి,
కొట్టేసిన మాట కింద చదవడానికి వీలుగా ఉండాలి.
అదీ నియమమే.