దిబ్బరొట్టి హీరోయిన్

ఆ జపాను బొమ్మల్లో పిల్ల
బడికి ఆలస్యమైతే
బ్రెడ్డు ముక్క నోట కరుచుకుని పరిగెడుతుంది.
సందు మలుపులో ఒకణ్ణి గుద్దుకుంటుంది.
అంతే, గులాబీరంగు రేకులు,
పన్నెండు వారాల కథ.

తహసీన్ వాళ్ళన్న ఫోన్‌లో
పగిలిన అద్దం మీద
ముగ్గురం తలలానించి చూసేవాళ్ళం.
కింద గబగబా పోయే ఇంగ్లీషు అక్షరాల్ని
నేను తెలుగులో చెప్పేదాన్ని,
సగం నా సొంతం.

నూకరత్నం ఒకరోజు తేల్చేసింది.
"ఒలే, రేపు నానూ గుద్దీసుకుంటాను."
"ఎవడినే?"
"ఫణిభూషణ్‌ని."
తొమ్మిది బి. స్కూలు బ్యాండులో పెద్ద డ్రమ్ము.
డ్రమ్ము వెనకనుంచి కనబడేవి
రెండు చెవులూ కాస్త క్రాఫూ.
ఆ చెవులు చాలట.

పెదజాలారిపేటలో పొద్దున్నే
బ్రెడ్డెక్కడిది?
వాళ్ళమ్మ చేపలగంప ఎత్తుకుని పోతూ
మూతపెట్టి వెళ్ళిన దిబ్బరొట్టి ఉంది,
అరచేతి మందం, అడుగు మాడి ఎర్రగా.
అదే కరుచుకుంది.
రెండు సందులు దాటేసరికి
దవడ పట్టేసింది.

మేం ప్లాను ప్రకారం
లాసన్స్ బే మలుపులో గోడ వెనక నక్కాం.
పూలరేకులు తహసీన్ పూచీ.
జపాను చెట్లు మనకెక్కడివి,
పార్కులో రాలిన పచ్చతురాయి పూలు
లంచ్‌బాక్సు నిండా తెచ్చింది.
"వస్తన్నాడే, జల్లు!" అన్నాను.
జల్లింది.
సముద్రం గాలి కదా,
అన్నీ తిరిగొచ్చి మా నోళ్ళలోనే పడ్డాయి.

ఉమ్మేసి, కళ్ళు నులుముకుని చూస్తే
రత్నం గుద్దుకున్న మాట నిజమే.
ఫణిభూషణ్‌ని కాదు.
తెలుగు మాస్టారు అప్పలాచార్యులు గారిని.
స్కూటరొక పక్క, కళ్ళజోడొక పక్క,
మా క్వార్టర్లీ పేపర్లు బీచిరోడ్డు వైపు.
"ఏమిటమ్మా ఇది?" అన్నారాయన.
నోట్లో రొట్టి.
ఉమ్మితే మర్యాద కాదు, మింగితే గొంతు పట్టదు.
"ఙ్మ్... ణ్మ్..." అంది.
"అనునాసికాలు ఇన్నాళ్ళకి కుదిరాయి నీకు"
అన్నారు మాస్టారు, కళ్ళజోడు వెతుక్కుంటూ.

అప్పుడొచ్చాడు వాడు, నింపాదిగా.
సైకిల్ స్టాండేసి
పదకొండు పేపర్లు ఏరాడు.
అందులో ఒకటి రత్నందే,
ఇరవైకి ఏడు.
చూశాడు. చూడనట్టు మడిచి చేతికిచ్చాడు.
సరిగ్గా ఇక్కడ వయొలిన్ రావాలి.
చెత్తబండి పాట వచ్చింది,
తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అంటూ.

ఇంటర్వెల్లో మా బెంచీ దగ్గర నిలబడ్డాడు.
రత్నం నా మోచెయ్యి గిల్లింది,
ఆ మచ్చ ఇంకా ఉంది, కావాలంటే చూపిస్తాను.
వాడు గొంతు సవరించుకున్నాడు.
చెవులు ఎర్రబడ్డాయి.
"ఆ రొట్టి... ఇంకా ఏమైనా మిగిలిందా?"

వాళ్ళ నాన్నమ్మ చేసేదట.
ఆవిడ పోయాక ఇంట్లో ఎవరికీ
ఆ మందం కుదరట్లేదట.
తింటున్నంతసేపూ ఏం మాట్లాడలేదు.
రత్నం కూడా.
రత్నం మాట్లాడకపోవడం
మేం ఆరో తరగతి నుంచి ఎరగం.

సాయంత్రం బీచిలో
ఒకే పొట్లం మురీమిక్చరు, ముగ్గురు చేతులు.
తహసీన్ జడలో ఇంకా పచ్చ రేకు.
"దగ్గర్నించి చూస్తే మామూలు చెవులేనే" అంది రత్నం.
అని, వేరుశెనగలన్నీ ఏరుకుంటూ,
"రేపు బెల్లం కూడా పట్టుకెళ్తాను" అంది.

కాసేపటికి మళ్ళీ తనే,
"ఒలే, ఆ బొమ్మల్లో
హీరోయిన్ పక్కన ఇద్దరు గుంటలుంటారు,
గోడ వెనక నక్కుతారు. వాళ్ళ పేర్లేటే?"
"వాళ్ళకి పేర్లుండవే."
"ఉంటాయి," అంది మిరపకాయ ముక్క నాలిక మీద పెట్టుకుని,
"నువ్వే చదవలేదు."